అద్దె ఎంత అని అడిగే ముందు అడగాల్సినవి: విజయనగరం, శ్రీకాకుళంలో ఇల్లు వెతికేవాళ్లకి

ఖాళీ ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మన కళ్లు గదుల మీద, గచ్చు మీద, గోడల రంగు మీద, వంటింట్లో అరల మీద ఆగుతాయి. ఆ తర్వాత ఏడాది పొడుగునా మనల్ని సుఖపెట్టేవీ, ఏడిపించేవీ మాత్రం అక్కడ పైకి కనపడవు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, మోటారు స్విచ్ ఎవరి చేతిలో ఉంది, కరెంటు మీటరు మీ ఒక్కరిదేనా, ఖాళీ చేస్తానన్న రోజు అడ్వాన్స్ ఎలా తిరిగొస్తుంది? మనం నెలనెలా కట్టే అద్దె ముఖ్యంగా ఈ ఏర్పాట్లకే. ఎనిమిది వేలని చెప్పిన ఇల్లు చివరికి పదిన్నర వేలకి తేలడం, తొమ్మిది వేలన్నది తొమ్మిదిన్నర దగ్గరే ఆగిపోవడం వీటివల్లే.

విజయనగరంలోనూ, శ్రీకాకుళంలోనూ ఇల్లు దొరికే దారి ఇప్పటికీ ఎక్కువగా గేటుకి వేలాడే టు-లెట్ బోర్డు, ఆఫీసులో తెలిసినవాళ్లు, వీధి చివర కిరాణా కొట్టాయన. మాటలు కూడా నోటితోనే అయిపోతాయి. "మనలో మనకి కాగితాలెందుకు మాస్టారూ" అంటే మనకీ మొహమాటం. ఆ మొహమాటం మొదటి రోజు బాగానే ఉంటుంది. మోటారు కాలిపోయిన రోజు, సెప్టిక్ ట్యాంకు నిండిన రోజు అదే గొడవకి మూలమవుతుంది.

పోర్షనా, ఫ్లాటా

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఓనరు తానుండే ఇంటికే పైనో, పక్కనో కట్టి ఇచ్చేది పోర్షన్. విజయనగరంలో దాసన్నపేట లాంటి పాత పేటల్లో, శ్రీకాకుళంలో గుజరాతీపేట వైపు వీధుల్లో తిరిగితే ఇలాంటివే ఎక్కువ కనపడతాయి. నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ రెండో రకం. రెండింటికీ ఒకే అద్దె చెప్పినా మీరు కొనుక్కునే బతుకు వేరు. పోర్షన్ తీసుకుంటే ఓనరుని ఎంచుకున్నట్టు. ఫ్లాట్ తీసుకుంటే అసోసియేషన్‌ని ఎంచుకున్నట్టు.

పోర్షన్లో ఓనరు కళ్ల ముందే ఉంటాడు. కుళాయి కారుతోందని పొద్దున చెబితే సాయంత్రానికి ప్లంబర్ వస్తాడు. జ్వరమొస్తే ఇంటావిడే కాస్త జావ కాచి పంపడం ఈ ఊళ్లలో వింతేమీ కాదు. చిన్నపిల్లలతో ఉన్నవాళ్లకి, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి అది పెద్ద ధైర్యం. అయితే అదే ఇంట్లో రాత్రి పదింటికి గేటుకి తాళం పడొచ్చు. మీ ఇంటికి ఎవరొచ్చారు, ఎన్నాళ్లున్నారు అన్నది లెక్కలోకి వస్తుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని నీళ్లు కదా అని ఓనరు ఆలోచన. రాత్రి డ్యూటీ దిగి వచ్చే నర్సుకి, తెల్లారకముందే విశాఖ రైలు కోసం స్టేషనుకి పరుగెత్తే ఉద్యోగికి ఆ గేటు తాళమే అన్నిటికన్నా పెద్ద సమస్య. అలాంటివాళ్లు గదులు చూడకముందే "గేటు తాళంచెవి ఒకటి మాకిస్తారా అండీ?" అని అడగాలి. ఇవ్వం అంటే ఇల్లు ఎంత బాగున్నా అది వాళ్ల ఇల్లు కాదు.

ఫ్లాట్ సంగతి వేరు. ఓనరు విశాఖలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. మీ జోలికి రాడు, మీ పనికీ అందడు. రోజువారీ వ్యవహారమంతా అసోసియేషన్ సెక్రటరీతో, వాచ్‌మన్‌తో. మెయింటెనెన్స్ పేరుతో కట్టేది అద్దెకి అదనం. అందులో ఏమేమి కలిశాయో అడిగి తెలుసుకోవాలి. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మెట్ల దీపాలు, మోటారు కరెంటు వరకు సాధారణంగా ఉంటాయి. ట్యాంకరు నీళ్లు, జనరేటరు డీజిలు చాలాచోట్ల విడిగా పంచుతారు. ఇంకొకటి అడగడం మనవాళ్లు మరిచిపోతుంటారు: ఈ ఫ్లాటు మీద పాత మెయింటెనెన్స్ బాకీ ఉందా? ఇది ఓనరుని కాకుండా సెక్రటరీని అడగండి. ఓనరుకీ అసోసియేషన్‌కీ మధ్య తగాదా ఉంటే మధ్యలో నలిగేది అద్దెకున్నవాళ్లే. అలాగే బిల్డింగ్‌కి రంగులు వేయించడం, లిఫ్టు మార్చడం, బోరు లోతు చేయించడం లాంటి పెద్ద ఖర్చులకి ఒక్కో ఫ్లాటుకి ఇంతని వేస్తుంటారు. ఆ మీటింగులో మీకు ఓటుండదు. ఓటు లేనిచోట ఖర్చు మీమీద పడకూడదు. అవి ఓనరే కట్టుకోవాలని ముందే మాట తీసుకోండి, కాగితంలో ఒక వాక్యం రాయించండి.

వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటంటే గదులన్నీ కలిపి వెయ్యి అడుగులని అనుకోవద్దు. గోడల మందం, మెట్లు, కారిడార్‌లో వాటా కూడా అందులో కలిపి చెబుతారు. మీ మంచం, బీరువా, ఫ్రిజ్ కొలతలు రాసుకుని టేపు పట్టుకుని వెళ్తే ఆ అంకెతో పనే లేదు.

నీళ్లు

అద్దె ఇంట్లో సగం సుఖం నీళ్లే. "నీళ్లకేటీ ఇబ్బంది లేదు బాబూ, ఎప్పుడు తిప్పినా వస్తాయి" అని ఇంటావిడ చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. ఆవిడ ఉండేది కింద, మీరు తీసుకునేది పైన. ఆవిడ దగ్గర మోటారు స్విచ్ ఉంది, మీ దగ్గర లేదు. అందుకని ఇల్లు రెండోసారి చూడ్డానికి పొద్దున ఏడింటికి వెళ్లండి. అందరూ స్నానాలకీ, వంటకీ, బట్టలకీ నీళ్లు వాడుతున్న ఆ సమయంలోనే అసలు సంగతి తెలుస్తుంది. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి బకెట్ పెట్టండి, అదే సమయంలో వంటింటి కుళాయి కూడా తిప్పండి. ఇరవై లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండితే మంచి ధార. ఐదు నిమిషాలు పట్టిందంటే పొద్దున స్కూలుకెళ్లే ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రోజూ టెన్షనే. ట్యాంకుకి సరిగ్గా కిందనే ఉండే పై అంతస్తుకి ధార తక్కువగా ఉంటుంది. నీటి మట్టానికీ కుళాయికీ మధ్య ఎత్తు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, పై అంతస్తుకి ఆ ఎత్తు దొరకదు. షవరు, గీజరు, వాషింగ్ మెషిన్ అక్కడ సరిగా పనిచేయకపోతే తప్పు ఆ వస్తువులది కాదు.

నీళ్లు వస్తే సరిపోదు, ఎలాంటి నీళ్లో చూడాలి. మున్సిపల్ కుళాయి నీళ్లు రోజులో కొద్దిసేపే వస్తాయి. మిగతా వాడకమంతా బోరు మీదే. బోరు నీళ్ల గుణం వీధి వీధికీ మారిపోతుంది. దీనికి ఇంట్లోనే సాక్ష్యాలుంటాయి, వంగి చూడాలంతే. కుళాయి మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టిందా? బాత్రూమ్ టైల్స్ మీద నీళ్లు కారిన దారంతా సున్నం చారలున్నాయా? పక్క పోర్షన్‌వాళ్ల బకెట్ లోపల నీళ్లు నిలిచే చోట తెల్లటి గీత పడి, గోటితో గీకినా రావట్లేదా? అయితే అవి కాఠిన్యం ఎక్కువున్న నీళ్లు. కందిపప్పు తొందరగా ఉడకదు, సబ్బు నురగ రాదు, తలంటుకుంటే జుట్టు పీచులా అయిపోతుంది. గీజరు లోపలి కాయిల్‌కి సున్నం పట్టి నీళ్లు కాగడానికి ఎక్కువ సేపు, ఎక్కువ కరెంటు పడతాయి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కొలత ప్రకారం కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములలోపు ఉండాలి. వేరే దారి లేనిచోట 2,000 వరకు సర్దుకోవచ్చంటుంది అదే ప్రమాణం. ఈ లవణాలని కొలిచే టీడీఎస్ మీటరు పెన్నంత ఉంటుంది, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఇల్లు మారే ప్రతి కుటుంబం ఒకటి కొనుక్కోవచ్చు. రీడింగ్ 1,200 చూపిస్తే తాగడానికి, వంటకి నెలంతా క్యాన్ నీళ్లు కొనాలి, ఆ ఖర్చు అద్దెలో కలుపుకోవాలి. అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన తాగొచ్చని కాదు. ఆ మీటరు లవణాలనే కొలుస్తుంది, సూక్ష్మజీవుల సంగతి చెప్పదు.

బోరుకి అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో. డిసెంబరులో ఇల్లు చూస్తే అది తెలియదు కాబట్టి ఆ బిల్డింగ్‌లో కనీసం రెండేళ్లుగా ఉంటున్న అద్దెవాళ్లని పట్టుకుని అడగండి. "ఎండాకాలం ట్యాంకరు తెప్పిస్తారా? డబ్బులెవరిస్తారు?" ఈ రెండు ప్రశ్నలకి వాళ్లు ఇచ్చే జవాబు ఓనరు మాట కంటే నమ్మకం.

నీళ్ల మాట వచ్చినప్పుడే మురుగు సంగతీ చూసుకోవాలి. మన ఊళ్లలో చాలా ఇళ్లకి సెప్టిక్ ట్యాంకే ఆధారం. రెండు కుటుంబాలకని కట్టిన ట్యాంకు మీద ఇప్పుడు నాలుగు పోర్షన్లుంటే అది త్వరగా నిండుతుంది. బండి పిలిపించి తీయించే ఖర్చు ఓనరుదా, అందరిదా అన్నది చేరకముందే అడగడం మంచిది. నిండాక అడిగితే ఎవరికివారు పక్కవాళ్ల వైపు చూపిస్తారు.

కరెంటు మీటరు దగ్గర పోయే డబ్బు

చదువుకున్నవాళ్లు కూడా దెబ్బతినేది ఇక్కడే. మన జిల్లాలకి కరెంటిచ్చేది ఈపీడీసీఎల్. ఇళ్లకి 2022లో తెచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. అందువల్ల రెండు ఇళ్లు ఒకే మీటరు మీద ఉంటే ఇద్దరికీ నష్టం.

లెక్క వేసి చూద్దాం. రెండు కుటుంబాలు నెలకి చెరో 120 యూనిట్లు వాడుకుంటాయనుకోండి. విడివిడిగా మీటర్లుంటే ఒక్కొక్కరికి 57, 135, 202.50 కలిపి 394.50 రూపాయలు. ఇద్దరిదీ కలిపితే 789. అదే 240 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే 57, 135, 225, 600, 131.25 కలిపి 1,148.25 రూపాయలు. వాడకం ఏమీ పెరగలేదు, బిల్లు మాత్రం 359 రూపాయలు పెరిగింది. ఇది యూనిట్ల ధర వరకే. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరే ఉంటాయి.

ఓనరు తన మీటరు కిందే మీ పోర్షన్‌కి ఇంకో చిన్న మీటరు, అంటే సబ్‌మీటరు పెట్టి "యూనిట్‌కి ఎనిమిది రూపాయలివ్వండి" అనే ఇళ్లలో ఇంకా ఎక్కువ పోతుంది. అదే 120 యూనిట్లకి 960 రూపాయలు. సొంత మీటరుంటే 394.50 తో పోయేది. అంటే మీరు కట్టే అద్దె బోర్డు మీద రాసిన దానికన్నా నెలకి 565 రూపాయలు ఎక్కువ. ఓనర్లందరూ లాభం కోసమే ఇలా చేస్తారని అనను. పై స్లాబుల భారం తమమీద పడకుండా గుండుగుత్తగా ఒక అంకె చెప్పేస్తారు చాలామంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, పోర్షన్‌కి విడిగా మీటరు పెట్టించడానికి ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. అసలు బిల్లు చూసి యూనిట్ల లెక్కన పంచుకుందామంటే ఒప్పుకునేవాళ్లు ఇంకా ఎక్కువ.

విడి మీటరుందని చెప్పినా ఒక చిన్న పరీక్ష చేయండి. పోర్షన్లో లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపేసి మీటరు ముందు నిలబడండి. మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం ఉంటుంది. కరెంటు వాడుతున్నప్పుడు అది మినుకు మినుకుమంటూ ఉంటుంది, వాడకం పెరిగితే వేగంగా కొట్టుకుంటుంది. అన్నీ ఆపేశాక కూడా అది మినుకుతూనే ఉందంటే మీ మీటరు మీద ఇంకెవరివో దీపాలు, బహుశా మెట్ల లైటో, నీళ్ల మోటారో నడుస్తోందన్నమాట. అందరికీ నీళ్లు తోడే మోటారు ఒక్కరి బిల్లు మీద ఉండటం ఇళ్లల్లో కొత్తేమీ కాదు. దానికి తగ్గట్టు అద్దె తగ్గిస్తే పేచీ లేదు. తెలియకుండా కట్టడమే తప్పు.

ఎండ, వాన, తుపాను

పై అంతస్తుకి వెయ్యి తగ్గిస్తానంటే వెంటనే సంతోషపడకండి. శ్లాబు రోజంతా కాగి, రాత్రి పదకొండింటి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. 120 యూనిట్లు వాడే కుటుంబం ఏసీ కోసం రాత్రికి 5 యూనిట్లు అదనంగా వాడితే నెలకి 270 యూనిట్లవుతాయి. పై స్లాబుల్లోకి వెళ్తాయి కాబట్టి బిల్లు 394.50 నుంచి 1,410.75కి ఎక్కుతుంది. తగ్గిన వెయ్యి ఎండాకాలంలో అక్కడికే సరి. మిగతా ఎనిమిది నెలలు లాభమే కదా అంటే నిజమే. ఇంట్లో ముసలివాళ్లో, పసిపిల్లలో ఉంటే ఆ లాభం కోసం చూడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

దిక్కుల గురించి ఒక్క మాట. తూర్పు వాకిలి ఇళ్లకి గిరాకీ ఎక్కువ, దక్షిణం వాకిలి ఇళ్లు ఖాళీగా ఉండిపోతాయి. మీకు పట్టింపు ఉంటే దాన్ని కాదనను. పట్టింపు లేనివాళ్లకి మాత్రం దక్షిణపు ఇల్లు మంచి బేరం. ఎండాకాలం సాయంత్రాల్లో మన వైపు వీచే గాలి దక్షిణం నుంచే, ఆ వైపు కిటికీలున్న గది హాయిగా ఉంటుంది.

తుపాను సంగతి ఈ ఊళ్లలో ఇల్లు తీసుకునేవాళ్లు తప్పకుండా ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు కరెంటు పోయి రోజులు గడిచిన వీధులున్నాయి. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకులో నీళ్లు లేవు, లిఫ్టు లేదు. నాలుగో అంతస్తుకి బిందెలతో నీళ్లు మోయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెరట్లో నుయ్యి ఉన్న పాత ఇళ్లకి ఆ రోజుల్లో వీధంతా వచ్చి నీళ్లు చేదుకుంది. నుయ్యి పూడ్చకుండా ఉంచుకున్న ఇల్లు దొరికితే దానికి మరో రెండు వందలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. ఫ్లాటయితే జనరేటరు లిఫ్టుకొక్కటేనా, నీళ్ల మోటారుకి కూడానా అని అడగండి.

వానకి సంబంధించిన గుర్తులు గోడల మీదే ఉంటాయి. సీలింగ్ మూలల్లో పసుపు మరకలు, కిటికీ కింద చెమ్మ, పెచ్చులూడిన చోట కొత్తగా పూసిన రంగు చూసుకోండి. గది మొత్తం పాత రంగులో ఉండి ఒక మూల మాత్రమే తాజాగా ఉందంటే ఆ మూలకి ఏదో కథ ఉంది. పక్కకి జరిగే అల్యూమినియం కిటికీల్లోంచి ఈదురుగాలికి నీళ్లు లోపలికి కొడతాయి, పైన సన్‌షేడ్ ఉందో లేదో చూడండి. తర్వాత గేటు బయటికి వచ్చి ఇంటి గచ్చు ఎత్తునీ రోడ్డు ఎత్తునీ పోల్చండి. పాత వీధుల్లో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోవడంతో ఇళ్లు పల్లమైపోయాయి. అలాంటి ఇంట్లో గట్టి వాన పడితే కాలవ నీళ్లు ముందు గదిలోకే. శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా ఉండే పల్లపు వీధుల్లో నది పొంగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఎదురింటివాళ్లని అడిగితే వేలితో గోడ మీద చూపిస్తారు.

దూరం

ఊరు చిన్నదే కదా అని దూరాన్ని లెక్కలోకి తీసుకోం. ఊరు చిన్నదైనా పని ఊళ్లో ఉండకపోవచ్చు. విజయనగరంలో ఉండి రోజూ విశాఖ వెళ్లేవాళ్లకి ఇల్లు స్టేషనుకి నడిచే దూరంలో ఉంటే రోజుకి గంట మిగులుతుంది. నెల్లిమర్లలో, చింతలవలసలో, ద్వారపూడిలో పనో, చదువో ఉన్నవాళ్లు కోట చుట్టుపక్కల ఇల్లు తీసుకుంటే రోజూ ఊరు దాటడానికే ఓపిక అయిపోతుంది. శ్రీకాకుళంలో రైలు మీద ఆధారపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. ఊళ్లోంచి పది కిలోమీటర్ల పైమాటే. పైడిభీమవరం ఫ్యాక్టరీలకి వెళ్లేవాళ్లకి కంపెనీ బస్సు ఆగే జంక్షనే కేంద్రం, ఇల్లు దాని చుట్టూ వెతుక్కోవాలి.

డబ్బు లెక్క కూడా చిన్నదే. రోజుకి రానూపోనూ 12 కిలోమీటర్లు ఎక్కువ తిరిగితే, లీటరుకి 45 ఇచ్చే బండి మీద, పెట్రోలు 110 రూపాయల లెక్కన, నెలకి 25 రోజులకి 730 రూపాయల పైనే. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి అద్దె పెంచేవాళ్లుంటారు. మీ పని భోగాపురంలో కాకపోతే ఆ పెంపు మీరెందుకు మొయ్యాలి?

అడగకూడని ప్రశ్నలు

"మీరేవుట్లు?" అని అడుగుతారు. కులం చెప్పాక "మా అబ్బాయి వస్తున్నాడండీ, ఇల్లు ఇవ్వట్లేదు" అంటారు. బోర్డు మాత్రం మర్నాడు కూడా అక్కడే ఉంటుంది. ముస్లిం కుటుంబాలకి, ఒంటరిగా ఉండే ఆడవాళ్లకి, పెళ్లికాని కుర్రాళ్లకి ఇదే అనుభవం ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ఇది అన్యాయం. ఇల్లు ఓనరుదే, కానీ ఊరు అందరిదీ. అద్దె సరిగ్గా కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారా అన్నది తెలుసుకోవాలంటే ఉద్యోగం గురించి అడగొచ్చు, పాత ఓనరుకి ఫోన్ చేయొచ్చు. కులం ఆ రెండింటిలో దేనికీ జవాబు చెప్పదు. ఇది చదివే ఓనర్లు ఎవరైనా ఉంటే దయచేసి ఆ ప్రశ్న మానేయండి.

ఇల్లు వెతికేవాళ్లకి చెప్పగలిగేది ఒక్కటే. మాంసం వండుకోవడం, రాత్రి డ్యూటీలు, స్నేహితుల రాకపోకలు లాంటివి ఫోన్లోనే ముందు చెప్పేయండి. ఇల్లంతా నచ్చి, పిల్లలు తమ గది ఏదో నిర్ణయించేసుకున్నాక కాదనిపించుకోవడం కంటే అది నయం. అబద్ధం చెప్పి చేరితే మాత్రం ప్రతి ఆదివారం కిటికీలు మూసుకుని వండుకోవాల్సి వస్తుంది.

ఆషాఢం బేరం, పదకొండు నెలల కాగితం

స్కూళ్లు తెరిచే ముందు, మే, జూన్ నెలల్లో ఇళ్లకి పోటీ. ఆ వెంటనే ఆషాఢం వచ్చేసరికి ఎవరూ ఇల్లు మారరు. భాద్రపదం, పుష్యం, మూఢం రోజులూ అంతే. ఆ నెలల్లో ఖాళీగా పడున్న ఇంటి ఓనరు బేరానికి ఒప్పుకుంటాడు. పట్టింపు ఉన్నవాళ్లు కూడా దీన్ని వాడుకోవచ్చు: ఆషాఢంలో మాట ఖాయం చేసుకుని, శ్రావణంలో పాలు పొంగించి, అద్దె అప్పటి నుంచి మొదలయ్యేలా మాట్లాడుకోండి.

డబ్బు ఇచ్చే ముందు మీతో మాట్లాడుతున్న మనిషే ఓనరా అన్నది చూడాలి. కరెంటు బిల్లు మీద, ఇంటి పన్ను రసీదు మీద పేరు ఎవరిది? అన్నదమ్ముల మధ్య తేలని ఇల్లయితే ఒకరికి అడ్వాన్స్ ఇచ్చి ఇంకొకరి చేత ఖాళీ చేయించుకోవాల్సి వస్తుంది. పేరు వేరైతే ఆ పేరుగల మనిషితో ఒక్కసారి ఫోన్లోనైనా మాట్లాడండి.

అందరూ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారన్నది చాలామందికి ఉండే సందేహం. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 17వ సెక్షన్ కేంద్ర పాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజుని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. పదకొండు నెలలకి రాసుకుంటే ఆ పని తప్పుతుందని అందరి నమ్మకం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణ ప్రకారం లీజు ఎంత కాలానిదైనా రిజిస్టర్ చేయించాల్సిందే. పదకొండు నెలలకే రాశారు కాబట్టి పన్నెండో నెలలో మీకు హక్కులేవీ లేవని కూడా కాదు. గడువు అయ్యాక కూడా మీరుంటూ, ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దెగా కొనసాగుతుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882 ప్రకారం నెలవారీ అద్దెని ఎవరు ముగించాలన్నా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. కుటుంబంతో ఉన్నవాళ్లకి పదిహేను రోజుల్లో ఇల్లు దొరకడం కష్టం కాబట్టి రెండు వైపులా రెండు నెలల నోటీసు అని కాగితంలోనే రాయించుకోండి. ఏడాదికి అద్దె ఎంత పెరగాలో అంకెతో సహా రాయించండి. "చూసి పెంచుదాంలెండి" అన్న మాట మీద వదలొద్దు.

మరమ్మతుల దగ్గర గీత ఇలా గీసుకుంటే గొడవ ఉండదు: బల్బు, కుళాయి వాషర్, ఫ్యాన్ రెగ్యులేటర్ మీవి. మోటారు, శ్లాబు కారడం, గోడలోపలి పైపులు, సెప్టిక్ ట్యాంకు ఓనరువి. ఓనరు చేయించాల్సిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే, తగిన సమయం ఇచ్చి చూసి, అద్దెవాళ్లు తామే చేయించి అద్దెలోంచి మినహాయించుకునే వీలు 1882 చట్టంలోని 108వ సెక్షన్‌లో ఉంది. అయితే చెప్పినట్టు రుజువుండాలి. ఫోన్ మాటతో ఆగకుండా వాట్సాప్‌లో ఫోటో తీసి పంపడం అందుకే.

ఉద్యోగస్తులకి ఇంకో చిక్కు. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కావాలంటే, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. అంటే నెలకి 8,333 దాటినప్పటి నుంచే. కొందరు ఓనర్లు పాన్ ఇవ్వరు, లేదా కాగితంలో తక్కువ అద్దె రాద్దామంటారు. తక్కువ రాస్తే మీ మినహాయింపు తగ్గుతుంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఈ మినహాయింపే లేదు కాబట్టి వాళ్లకి ఈ తలనొప్పి ఉండదు.

అడ్వాన్స్ దగ్గరే ఎక్కువ మనసులు విరుగుతాయి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకి రెండు నెలల అద్దెకి మించి డిపాజిట్ వద్దంటుంది. అది రాష్ట్రాలకి ఇచ్చిన నమూనా మాత్రమే, అయినా బేరంలో చూపించడానికి పనికొస్తుంది. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెల అద్దె కోసేయడం మన దగ్గర అలవాటుగా మారింది. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకి అద్దెవాళ్లు బాధ్యులు కారని 108వ సెక్షనే చెబుతోంది. మూడేళ్లుంటే గోడ మాసిపోదా? మేకులు కొట్టి పెచ్చులూడదీస్తే, సింక్ పగలగొడితే అది వేరే మాట. రంగుల ఖర్చు కోయాలని ఓనరు పట్టుబడితే అదెంతో ముందే రాసేయమనండి, అప్పుడు దాన్ని కూడా అద్దెలో కలిపి చూసుకుని ఇల్లు కావాలో వద్దో నిర్ణయించుకోవచ్చు.

సామాను దించకముందు, ఖాళీ గదుల్లో ఫోన్ పట్టుకుని ఒక వీడియో తీయండి. ప్రతి గోడ, ప్రతి కుళాయి, తలుపు గొళ్లాలు, ఉన్న మరకలు, చివరగా మీటరు రీడింగు. అదే రోజు ఓనరుకి పంపించి "ఇల్లు ఇలా ఉండగా చేరామండీ" అని ఒక్క వాక్యం రాయండి. అద్దె ఫోన్‌పేలో పంపేటప్పుడు ఏ నెలదో రాయండి, చేతికిస్తే రసీదు అడగండి. ఖాళీ చేసే రోజు అదే వీడియో పక్కన పెట్టుకుని ఓనరుతో కలిసి గదులన్నీ తిరగండి. ఆ రోజు మీటరు రీడింగు ఇద్దరూ చూసి, అప్పటివరకు అయిన కరెంటు, మెయింటెనెన్స్ లెక్కకట్టి, మిగిలిన అడ్వాన్స్ చేతికో, ఖాతాకో వచ్చాకే తాళంచెవి ఇవ్వండి. ఈ వరస కూడా అగ్రిమెంట్‌లో చివరి వాక్యంగా రాయించుకోవచ్చు, టైపు చేసే ఆయన దానికి అదనంగా ఏమీ అడగడు.